ఎస్నాతి బడి

చర్చి గేటుకు కట్టిన ఫ్లెక్సీ చదివేసరికి డెబోరాకు ఒళ్ళు మండిపోయింది.

చూడ్డానికి అన్ని ఫ్లెక్సీల్లాగే ఉంది. పైన ఆఫ్రికా పటం, దాని మీద ఎగురుతున్న పావురం, మధ్యలో తనూ ఆరోనూ జంటగా నిలబడ్డ ఫోటో. గోదావరిఖనిలో ఫ్లెక్సీలు వేసేవాళ్ళ ధర్మం ప్రకారం ఇద్దరి మొహాలకూ దట్టంగా తెలుపు పులిమారు. కింద ఎర్రటి అక్షరాలు: ‘మలావి దేశములో ఇరువది రెండేండ్లు బోధన, సువార్త సేవ చేసిన ఆరోను, డెబోరా దంపతులకు ఘన సన్మానం.’ అంతవరకు ఓర్చుకోవచ్చు. ఆ కింద ఇంకో వరుస ఉంది. ‘అదే పాఠశాలకు నూతన ప్రిన్సిపాలుగా వెళ్ళుచున్న జోయెల్, ఆయన సతీమణి గార్లకు ప్రత్యేక ప్రార్థన.’

జోయెల్ ఎవరో ఆమెకు తెలుసు. ఈ గనికార్మికుల కాలనీ కుర్రాడే. బైబిలు కాలేజీలో రెండేళ్ళు చదివాడు, గిటారు వాయిస్తాడు, పెద్దలు కనబడితే లేచి నిలబడతాడు. మంచివాడు కాదని ఎవరూ అనరు. కాకపోతే పుట్టి బుద్ధెరిగి ఒక్క పిల్లకు ఒక్క ఎక్కం నేర్పిన పాపాన పోలేదు. ఆరువందల మంది పిల్లలున్న బడికి ప్రిన్సిపాలట.

"ఏం రాసుంది మేడం?" పక్క నుంచి తమాండా చిచేవా భాషలో అడిగింది.

తమాండాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మలావిలో డెబోరా వాళ్ళు పనిచేసే చిమ్వాలా పల్లెలోనే పుట్టింది, వాళ్ళ బడిలోనే చదివింది, పట్నం పోయి టీచరు ట్రైనింగు చేసి వచ్చి ఎనిమిదేళ్ళుగా అక్కడే లెక్కలు చెబుతోంది. హైదరాబాదులో నెల రోజుల శిక్షణ ఉంటే వీళ్ళతో కలిసి విమానం ఎక్కింది. అది ముగిశాక మేడం పుట్టిన ఊరు చూస్తానంది. నడుముకు రంగురంగుల బట్ట చుట్టుకుని, నెత్తికి అదే గుడ్డ కట్టుకుని, పెళ్ళికి వచ్చినంత ముచ్చటగా తయారై నిలబడింది.

"మనకు స్వాగతం చెబుతున్నారు," అంది డెబోరా. ఆ అబద్ధం ఎంత సులువుగా నోట్లోంచి వచ్చిందో ఆమెకే వింతగా తోచింది.

ఆరోను చెప్పుల స్టాండు దగ్గర అందరికీ వందనాలు పెడుతున్నాడు. డెబోరా అతని మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకు లాక్కుపోయింది.

"ఇదేంది?"

ఆరోను ఫ్లెక్సీ వైపు చూడను కూడా చూడలేదు. అంటే ముందే చూశాడన్నమాట.

"దయానందం అన్న మొన్ననే చెప్పిండు. నీకు చెబ్దామనుకున్న."

"మొన్నటి సంది నా పక్కన్నే కూసోని తింటున్నవ్ గదా. నోట్లె ఏం పెట్టుకున్నవ్?"

నలుగురిలో భర్తను ‘మీరు’ అనడం ఆమెకు పెళ్ళయిన నాటి నుంచీ అలవాటు. ఆ అలవాటు ఇవాళ చెప్పుల స్టాండు దగ్గరే ఊడిపోయింది.

కోపం రాకేం చేస్తుంది. ఈ సంగతి తేలిపోయి నాలుగు నెలలైంది. మొన్న ఫిబ్రవరిలో చిమ్వాలా ఊరి పెద్దలు, బడి టీచర్లు కూర్చుని ఇక మీదట డెబోరా స్థానంలో తమాండాయే హెడ్ అని తీర్మానం చేశారు. ఆరోనే లేచి ఆ పిల్ల నెత్తి మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాడు. బడి కాగితాల్లో మిషన్ ప్రతినిధిగా ఉన్నది అతని పేరే కాబట్టి, అతను సంతకం చేసిన ఉత్తరం ఒకటి అక్కడి విద్యాశాఖకు చేరితే పని పూర్తయినట్టే. ఉత్తరం డెబోరాయే టైపు చేసి ఇచ్చింది. మన చర్చి పెద్దలకు ఒక మాట చెప్పి సంతకం పెడతానని అతను దాన్ని మడిచి తన బైబిల్లో పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ అది అందులోనే ఉంది.

"పెద్దలు ఒప్పుకుంటలేరు డెబోరా. మనోళ్ళు ఎవలు లేకుంటే అది మన మిషన్ ఎట్లయితదంటున్నరు. తమాండా వైస్ ప్రిన్సిపాలుగ ఉంటదట. జోయెల్‌కు పని నేర్పుతదట."

"పని నేర్పేది ఆమె. కుర్చీల కూసునేది ఆయన."

"ఇప్పుడు లొల్లి పెట్టకు. అందరు చూస్తున్నరు."

చూస్తే చూడనీ అనబోయింది. ఈలోగా చర్చి సెక్రెటరీ దయానందం చేతులు జోడించుకుంటూ రానే వచ్చాడు. బొగ్గు కంపెనీ ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. ఫైలు పక్కన పెట్టినా ఫైలు పట్టుకున్న వాలకం పోలేదు.

"వందనాలు చెల్లె. ఇగో, ఆ పిల్ల సాక్ష్యం చెప్తది గదా, ఇంగ్లీషుల వద్దు. ఇంగ్లీషు మనోళ్ళు రోజు ఫోన్లల్ల ఇంటనే ఉన్నరు. వాళ్ళ బాసలనే మాట్లాడుమను, ఇనడానికి మంచిగుంటది. నువ్వు పక్కన నిలబడి తెలుగుల చెప్పు."

తమాండా ఇంగ్లీషు ఈ చర్చిలో ఎవరి ఇంగ్లీషు కన్నా శుభ్రంగా ఉంటుంది. ఆ ముక్క చెప్పినా ఈయన చెవికెక్కదు. డెబోరా పళ్ళు బిగించి లోపలికి నడిచింది.

ముందు వరుసలో చిన్నమ్మ సారవ్వ చోటు పట్టి ఉంచింది. డెబోరా తల్లికి చెల్లెలు. భర్త ముప్పై ఏళ్ళు భూగర్భ గనిలో బొగ్గు ఎత్తి, దగ్గుతోనే పోయాడు. వారం రోజులుగా ముగ్గురూ సారవ్వ ఇంట్లోనే ఉంటున్నారు. తమాండాను ఆమె పక్కన కూర్చోబెట్టుకుని, భాష రాకపోయినా చెయ్యి పట్టుకుని నిమురుతూ ఉంది. వెనక వరుసల్లో రాత్రి షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చిన మగవాళ్ళు తలలు వాల్చి కునుకుతున్నారు. పాటలు, శాలువాలు, పూలదండలు అయ్యాయి. ఆరోను వేదిక మీద కుర్చీలో, ఒడిలో బైబిలు పెట్టుకుని, వచ్చిన ప్రతి శాలువాకూ తల వంచాడు. జోయెల్, అతని భార్య పక్క కుర్చీల్లో కొత్త బట్టలతో బిగుసుకుని కూర్చున్నారు.

అప్పుడు సండే స్కూలు టీచరు సుసన్నా మైకు అందుకుంది. ఈమె చిన్నప్పుడు డెబోరా దగ్గర పాటలు నేర్చుకున్న పిల్ల. మొహం వెలిగిపోతోంది.

"ఇప్పుడు మన పిల్లలు నాటిక వేస్తరు. ఇందుల మాటలు ఏవి నా సొంతం కావు. మన అక్క, అన్న మలావి నుంచి పంపిన ప్రార్థన లేఖలు అన్ని మన చర్చి బీరువాల దాచినం. మొదటి సంవత్సరం లేఖల నుంచే ఈ నాటిక తీసిన."

ప్రార్థన లేఖలంటే ఆ చర్చిలో తెలియనివాళ్ళు లేరు. దూరదేశం వెళ్ళిన సేవకులు మూడు నెలలకోసారి అక్కడి కష్టసుఖాలు రాసి పంపాలి. ఆదివారం ఆరాధనలో అది చదువుతారు, విన్నవాళ్ళు దాన్ని పట్టుకుని ప్రార్థన చేస్తారు. ఆరోను చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుందని లేఖలన్నీ డెబోరాయే రాసేది.

పక్క తలుపు తెరుచుకుని పిల్లలు వచ్చారు. పన్నెండు మంది. నడుములకు వేపరొట్ట కట్టారు. మొహాలకు, చేతులకు, కాళ్ళకు నల్లగా పూశారు. నూనెలో కలిపిన బొగ్గుపొడి. కళ్ళు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి. జనం మురిసిపోయి నవ్వారు. పదిమంది ఫోన్లు పైకెత్తారు.

డెబోరా నెత్తురు ఒక్కసారి తలకెక్కింది. ఈ ఊళ్ళో బొగ్గు మొహాలు చూసి నవ్వడమా. ఆమె తండ్రి షిఫ్టు దిగి ఇంటికి వస్తే కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కావు. పెద్దపల్లి హాస్టల్లో ఆరో తరగతి చదివేటప్పుడు ఒక పిల్ల ఆమెను బొగ్గుమొకందాన అంది. డెబోరా దాని జడ పట్టుకుని వరండా పొడవునా ఈడ్చి, వార్డెను చేత బెత్తం దెబ్బలు తింది. ఇవాళ అదే బొగ్గు, అదే కాలనీ పిల్లలకు, అదే నవ్వు కోసం పూశారు. ఈడ్చడానికి జడ మాత్రం దొరకడం లేదు.

"ఈ పిల్లల మొహాలకు ఏం పూశారు?" తమాండా అడిగింది.

"బొగ్గు."

"ఎందుకు?"

డెబోరా వేదిక వైపు తల తిప్పుకుంది. తమాండా మళ్ళీ అడగలేదు. వేపరొట్టను చూసింది, తన చేతులు చూసుకుంది, సారవ్వ చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది.

సారవ్వ మనవరాలు సహస్ర ముందుకొచ్చి, బట్టీపట్టిన పాఠం గడగడా అప్పజెప్పింది. "మా ఊరిలో బడి అన్నది లేదు. అక్షరము అంటే ఏమిటో ఎవరును ఎరుగరు. మా పిల్లలు పశువులతో లేచి పశువులతో పండుకొందురు. మాకు నేర్పువారు ఒక్కరును లేరు."

చప్పట్లు మోగాయి. ఎవరో వెనక నుంచి స్తోత్రం అన్నారు. డెబోరా ఆ మాటలు గుర్తుపట్టింది. అవి తన వాక్యాలే. మొదటి ఏడాది, జూలై లేఖ. దోమతెరలో కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని రాసినవి.

"ఏమంటోంది మేడం?"

"దేవుణ్ణి స్తుతిస్తున్నారు."

తమాండా ఆమె వైపు పూర్తిగా తిరిగింది. "తెలిసిన జవాబు చెప్పకుండా కూర్చున్న పిల్లల్ని మీరు క్లాసులో నిలబెట్టేవారు. మిమ్మల్ని నేను నిలబెట్టలేను. ఏమంటోందో చెప్పండి."

డెబోరా చెప్పింది. ఒక్కొక్క వాక్యం, మాట కూడా తగ్గించకుండా, తల వంచుకుని చెప్పింది.

"ఇది ఎవరు రాశారు?"

"నేను."

"మీరు వచ్చేనాటికి మా ఊళ్ళో బడి ఉంది."

"ఉంది."

"నేను అందులో కూర్చుని ఉన్నాను. నాకు ఏడేళ్ళు."

"ఉన్నావు."

తమాండా మళ్ళీ వేదిక వైపు తిరిగి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

అవును, బడి ఉంది. ఇరవై రెండేళ్ళ కిందట చిమ్వాలాలో బస్సు దిగినప్పుడు డెబోరా కళ్ళతో చూసిన మొదటి సంగతి అదే. పెద్ద మామిడి చెట్టు, దాని కింద నలభై ఒక్క మంది పిల్లలు, కాండానికి ఆనించిన చెక్క, ఆ చెక్క మీద బొగ్గుతో రాసిన కూడికలు. చెప్పేది తమాండా తల్లి ఎస్నాతి. ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి. ఆ ఊరికి అంతకన్నా చదివినవాళ్ళు లేరు. డెబోరాకు చిచేవా నేర్పింది ఆమే. బోరింగు దగ్గర బకెట్టు నెత్తికెత్తుకోవడం నేర్పింది ఆమే. మలేరియాతో డెబోరా పదిహేను రోజులు మంచం దిగకపోతే పక్కన కూర్చుని తడిగుడ్డ వేసిందీ ఆమే.

మరి లేదని ఎందుకు రాసినట్టు. ఈ చర్చి తమ ఇద్దరినీ పంపింది బడి లేని చోటికని. ఆరోను అప్పుడు అన్నాడు, చెట్టు కింద కూసుంటే బడి అయితదా, ఉన్నదని రాస్తే వెనక్కి రమ్మంటరు అని. డెబోరాకు ఇరవై ఆరేళ్ళు. వెనక్కి రావడానికి మనసొప్పలేదు. గోడలు లేనిది బడి కాదని తనకు తాను చెప్పుకుంది, రాసేసింది. రెండేళ్ళకు రేకుల షెడ్డు లేచింది. సర్కారు గుర్తింపు కావాలంటే టీచర్లకు సర్టిఫికెట్లు చూపాలన్నారు. ఎస్నాతి దగ్గర లేదు. ఆమెకు గంజి కాసే పని ఇచ్చారు. తను పెట్టిన బడిలో, తను చెప్పిన పిల్లల పిల్లలకు, ఎస్నాతి పదిహేనేళ్ళు మొక్కజొన్న గంజి వడ్డించింది. నాలుగేళ్ళ కింద పోయింది. ఆమె మట్టి మీద డెబోరా వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చింది గానీ నిజం ఒక్క ముక్క చెప్పలేదు.

పొద్దుటి నుంచి ఫ్లెక్సీ మీద, మొగుడి మీద, దయానందం మీద చిందులు తొక్కిన కోపం ఇప్పుడు సొంత ఇంటికి తిరిగొచ్చింది. వీళ్ళకు ఆఫ్రికా ఎట్లా ఉంటుందో చెప్పింది ఎవరు. బొగ్గు పూయడం ఒక్కటే సుసన్నా చేసింది. పూయడానికి మొహం గీసి పంపింది తనే. ఆరోను ఉత్తరం దాచుకుంది నాలుగు నెలలు. తను నిజం దాచుకుంది ఇరవై రెండేళ్ళు.

"ఇప్పుడు మలావి సహోదరి సాక్ష్యం," అని దయానందం పిలిచాడు.

రెండు మైకులు పెట్టారు. డెబోరా వేదిక మెట్లు ఎక్కుతుంటే ఆరోను కుర్చీలోంచి ముందుకు వంగాడు. "ఆమె ఏమన్న అననియ్యి. నువ్వు మంచిగ చెప్పు. ఎవలకు తెల్వదు."

నిజమే. ఆ హాల్లో మూడు వందల మంది ఉన్నారు. చిచేవా తెలిసినవాళ్ళు ముగ్గురు. తమాండా ఏం మాట్లాడినా, కృతజ్ఞతలు చెబుతోంది, మీ ప్రార్థనల వల్లే మాకు వెలుగు వచ్చిందంటోంది అని డెబోరా అంటే చప్పట్లు కొట్టి లేచిపోతారు. జోయెల్ ప్రిన్సిపాలవుతాడు. తమాండా అతనికి పని నేర్పుతుంది. ఎస్నాతి గంజికుండ దగ్గరే ఉండిపోతుంది.

తమాండా మైకు దగ్గర తిన్నగా నిలబడింది. "నా పేరు తమాండా. నేను లెక్కల టీచరును."

"నా పేరు తమాండా. నేను లెక్కల టీచర్ను," అంది డెబోరా.

తమాండా ఇంకొన్ని మాటలు చెప్పాక డెబోరా హాలు వైపు ఒకసారి చూసింది. తర్వాత, వాకిట్లో చిన్నమ్మతో మాట్లాడినట్టు, వచ్చిన యాసలోనే చెప్పింది.

"మా ఊర్ల బడి లేదని ఈ పిల్లలు చెప్పిన్రు. ఉండె. మామిడిచెట్టు కింద ఉండె. నలభై ఒక్క మందిమి ఉంటిమి. మా అమ్మ చెప్పేది. మా అమ్మ పేరు ఎస్నాతి."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. దయానందం లేచి దగ్గరకు వచ్చాడు. "చెల్లె, సరిగ చెప్పు. కృతజ్ఞతలు చెప్తుందేమో జూడు."

"సరిగనే చెప్తున్నన్న."

తమాండా గొంతు పెంచలేదు, తగ్గించలేదు. లెక్క చేసి చూపించే పద్ధతిలో ఒక్కొక్క మెట్టు చెప్పుకుంటూ పోయింది. డెబోరా వెంట నడిచింది.

"మేడం వచ్చిన కొత్తల ఆమెకు మా మాట రాకపోయేది. మా అమ్మ నేర్పింది. జ్వరమొస్తే మా అమ్మనే జూసుకున్నది. తర్వాత బడికి రేకులేసిన్రు. మా అమ్మను టీచర్‌గ ఉంచలే. గంజి కాయమన్నరు. పదిహేనేండ్లు కాసింది. నేను బెంచీ మీద కూసోని చదువుకుంట, కిటికీల నుంచి ఆమెను జూస్తుంటి."

వెనక కునుకుతున్న మగవాళ్ళు లేచి కూర్చున్నారు. దయానందం మైకుల కుర్రాడికి కళ్ళతో సైగ చేశాడు, మైకులు రెండూ ఒక్కసారే మూగబోయాయి. తమాండా ఆగిపోయింది.

ఈయనకు తెలియని సంగతి ఒకటుంది. తొంభై మంది పిల్లల క్లాసులో, రేకుల మీద వాన దబదబా కొడుతుంటే, ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు డెబోరాది. ఆమె చచ్చిన మైకును కుర్చీలో పడేసింది.

"నాకు మైకెందుకన్న. ఇప్పటిదాంక ఆమె మాట చెప్పిన, ఇగ నా మాట ఇనుండ్రి. ఆ లేఖ రాసింది నేను. బడి లేదని అబద్ధం రాసిన. ఉన్నదంటే మీరు మమ్ముల వెనక్కి పిలుస్తరని రాసిన. మీరు ఆ అబద్ధం మీద ఇరవై రెండేండ్లు మోకాళ్ళ మీద ప్రార్థన చేసిన్రు. ఇయ్యాల పిల్లలకు బట్టీ పట్టిచ్చిన్రు. తప్పు మీది గాదు. నాది."

"డెబోరా, కూసో," అన్నాడు ఆరోను లేచి. మెళ్ళో శాలువాలు, దండలు. "మనసు మంచిగ లేదు ఆమెకు," అని జనం వైపు తిరిగి చెప్పాడు.

"నా మనసుకేం రోగం లేదు. ఆయన మనసే నాలుగు నెలల సంది బైబిల్ల మడిచి పెట్టుకున్నడు."

ఆమె చెయ్యి చాపి అతని చేతిలోని బైబిలు తీసుకుంది. లాక్కుందన్నా తప్పులేదు. పేజీల మధ్య నుంచి మడతలు నలిగిన కాగితం తీసి విప్పింది.

"తమాండా హెడ్ అని వాళ్ళ ఊరోళ్ళు తీర్మానం జేసిన్రు. నేల వాళ్ళది. పిల్లలు వాళ్ళోళ్ళు. ఇగో ఉత్తరం. ఈ కాయితం మీద ఈయన సంతకం లేదు. ఈయననే ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన జేసిండు. ఇక్కడికొచ్చి మీ ముందట నీళ్ళు నములుతున్నడు. " భర్త వైపు తిరిగింది. "అయ్యా, మీరు పెడ్తరా సంతకం, లేకపోతే అక్కడికి ఫోన్ జేసి నేనే చెప్పాల్నా, మీరు జేసిన ప్రార్థన ఉత్తదని?"

ఆరోను మొహంలో రంగు మారింది. కోపమో సిగ్గో, రెండూనో. మింగలేక కక్కలేక దయానందం వైపు చూశాడు. దయానందం పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు బైబిలు అట్ట వైపు చూసుకున్నారు.

లేచింది సారవ్వ. మోకాళ్ళ నొప్పులతో ఆమె లేవడానికే కొంతసేపు పట్టింది. సహస్రను దగ్గరకు లాక్కుని కొంగుతో దాని మొహం గట్టిగా తుడవడం మొదలుపెట్టింది.

"బొగ్గు నూరింది నేను. సుసన్నా అడిగితే రోట్లేసి నూరి నూనె కలిపిచ్చిన. నాటికనే గదా అనుకున్న. మా ఇంటాయన గిట్లనే వచ్చేటోడు డ్యూటీ దిగి. గాయిన మొకం జూసి ఎవడన్న నవ్వితే నేను ఊకుందునా. ఆ పిల్ల నా చేతుల నుంచి చెయ్యి తీసుకుంటే గప్పుడు తెలిసింది నాకు." ఆమె ఆరోను వైపు తిరిగింది. "సంతకం పెట్టు అల్లుడా. చదువు చెప్పిన తల్లి గంజి కాసిందట. ఇంక ఆమె బిడ్డతోని ఏం కాపియ్యాలె?"

జోయెల్ భార్య తన మెడలోని దండ తీసి ఒళ్ళో పెట్టుకుంది. అది చూసి జోయెల్ కూడా తీశాడు. ఈ సంగతులేవీ వాళ్ళకు ఎవరూ చెప్పలేదని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి.

ఆరోను జేబులో పెన్ను తడుముకున్నాడు. శాలువాలు అడ్డం పడ్డాయి. ఒక్కొక్కటీ తీసి కుర్చీ మీద వేసి, బైబిలు అట్ట మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. అక్షరాలు ఎప్పటికన్నా అధ్వాన్నంగా వచ్చాయి. డెబోరా కాగితం అందుకుని తమాండాకు ఇచ్చింది. తమాండా నిదానంగా చదివింది. తారీఖు వేయలేదని వేలితో చూపించింది. ఆరోను తారీఖు వేశాడు.

దయానందం మధ్యలోనే బయటికి వెళ్ళిపోయాడు. వచ్చేవారం కమిటీ కూర్చుంటుందని, ఇలాంటి మనుషుల్ని ఇక ఎక్కడికీ పంపేది లేదని గేటు దగ్గర గట్టిగానే అన్నాడు. అందరికీ వినబడింది.

ఆరాధన అయ్యాక చర్చి వెనక నల్లా దగ్గర సారవ్వ పిల్లల్ని వరుసగా నిలబెట్టింది. బొగ్గు మసి నీళ్ళకు పోదు. ముందు నూనె రాసి పాతగుడ్డతో తుడవాలి, తర్వాత సబ్బు పెట్టాలి. ముప్పై ఏళ్ళు ఆమె చేసిన పని అది. సుసన్నా ఏడుస్తూ గుడ్డలు అందిస్తోంది. తమాండా రంగుల బట్ట మోకాళ్ళ దాకా ఎగదోసుకుని, ఎవరూ అడక్కుండానే, సహస్ర చేతులు కడుగుతోంది. ఒక్కొక్క వేలు కడిగినప్పుడు చిచేవాలో అంకె చెబుతోంది. సహస్ర తిరిగి చెబుతోంది.

ఆరోను దూరంగా గోడకు ఆనుకుని ఉన్నాడు. డెబోరా అతని దగ్గరకు పోలేదు. పోతే ఏమంటుందో ఆమెకే నమ్మకం లేదు. తమాండా పక్కకు పోయి నిలబడింది. చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. తమాండా తలెత్తలేదు.

"నన్ను తిట్టు," అంది డెబోరా చివరికి. "ఏదో ఒకటి అను."

"క్లాసులో ఉన్నాను మేడం. ఏడు దాకా వచ్చాం." పది అయ్యేదాకా అంకెలు చెప్పించి, చేతులు దులుపుకుని లేచింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతులో మాత్రం తడి లేదు. "బడి గోడ మీద మీ ఇద్దరి పేర్లు ఉన్నాయి, స్థాపకులని. వెళ్ళగానే చెరిపిస్తాను. మా అమ్మ పేరు రాయిస్తాను."

"రాయించు. నేను కూడా వస్తాను. వీళ్ళు పంపరు. నా అంతట నేను వస్తాను. మూడో తరగతి ఇచ్చినా సరే." ఆ మాట అంటుంటే, అడిగే హక్కు తనకు లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. "రానిస్తావా?"

తమాండా సంతకమైన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి నడుముకు చుట్టుకున్న బట్టలో దోపుకుంది. కొత్త హెడ్ పాత హెడ్‌ను ఆపాదమస్తకం చూసింది.

"దరఖాస్తు రాయండి మేడం. మిగతావాళ్ళ వాటితో పాటు చూస్తాను," అంది. "ఈసారి ఉన్నది ఉన్నట్టు రాయండి."